ఉమ్ సలాల్ ఇసుకలో పెద్ద పాదం

గల్ఫ్‌లో సెక్యూరిటీ ఉద్యోగం దొరికిన కుర్రాళ్ళు, బయల్దేరే ముందు ఎవరో చెప్పగా విని పిఠాపురంలో మా ఇంటికి వస్తుంటారు. ఎండ ఎంత ఉంటుంది, సెలవు ఎప్పుడిస్తారు, తిండి కంపెనీయే పెడుతుందా అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. అసలు పనేమిటని మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అడగకపోయినా రాసిపెడుతున్నాను.

పని అనుమానించడం. పగలంతా మనుషుల్ని అనుమానంగా చూసి, సాయంత్రం అదే మనుషుల పక్కన కూర్చుని అన్నం తినాలి. ఇది అందరి ఒంటికీ పడదు. నా ఒంటికి పడింది.

టిఫిన్ డబ్బాలు

విశాఖ పోర్టులో కాపలా ఉద్యోగం కొన్నేళ్ళు చేసి, చమురు ధర ఆకాశానికి ఎగబాకిన రోజుల్లో ఖతార్ వెళ్ళాను. దోహా అప్పుడు ఊరంతా తవ్వకాలే. సిమెంటు ఓడలు రేవులో చోటు దొరక్క సముద్రంలో లంగరేసుకుని ఎదురుచూసేవి. పొద్దున చూసిన రోడ్డు సాయంత్రానికి ఇంకోచోట ఉండేది.

నా మొదటి బాస్ సైన్యంలో పనిచేసి వచ్చిన పంజాబీ కెప్టెన్. సాయంత్రం డ్యూటీ దిగిన ప్రతి కూలీ చేతా గేటు దగ్గర టిఫిన్ డబ్బా మూత తీయించేవాడు. లోపల మెతుకులు తప్ప ఏమీ కనపడేవి కావు. సైటులో రాగి కేబుల్ మాత్రం రోజూ తగ్గిపోయేది. అది నీళ్ళ ట్యాంకర్‌లో బయటికి పోతోందని చివరికి తేలింది. ట్యాంకర్‌ని ఆపితే క్యాంప్‌కి నీళ్ళు ఆలస్యమవుతాయని దాన్ని ఎవరూ ఆపేవారు కాదు. ఆపడానికి వీలుగా ఉన్నవాళ్ళని మాత్రం రోజూ ఆపాం.

కెప్టెన్ చెడ్డవాడు కాదు. ఆయన అనుమానానికి సులువు దారి అలవాటైపోయింది, అంతే. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ముందు భయపడాల్సింది ఆ అలవాటుకే.

రౌదా

తర్వాత నన్ను ఉత్తరాన ఉమ్ సలాల్ దాటాక వేసిన పైపులైను క్యాంప్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా పంపారు. ఉమ్ సలాల్‌లో బావుల కింద తోటలు, ఖర్జూరాలు, కూరగాయ మళ్ళు ఉండేవి. అవి దాటితే రాళ్ళ నేల. ఆ నేల మధ్యలో క్యాంప్‌కి కనుచూపు మేరలో ఒక పల్లం ఉండేది. వానపడ్డప్పుడు చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే చేరేవి. అందుకని అక్కడ తుమ్మలూ, మన రేగుచెట్టులాంటివే పెద్ద పెద్ద ముళ్ళచెట్లూ గుంపుగా పెరిగాయి. అలాంటి పల్లాన్ని అరబ్బులు రౌదా అంటారు. మన తెలంగాణ కూలీలు దాన్ని అడవి అనేవాళ్ళు. మైళ్ళ తరబడి చెట్టే లేని చోట అది అడవే.

క్యాంప్‌లో జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కూలీల గ్యాంగ్ ఒకటి కందకం తవ్వేది. వాళ్ళ పెద్ద లస్మయ్య. తక్కువ మాట్లాడే మనిషి. పఠాన్లు లారీలు తోలేవారు. వంట ఒక మలయాళీది. క్యాంప్ మేనేజర్ పార్కర్ అని ఇంగ్లండు దొర. వయసు మళ్ళినా చురుకైన మనిషి. అతని గదిలో జంతువుల పుస్తకాలు బీరువా నిండా ఉండేవి.

మొదటి అడుగులు

ఒక శుక్రవారం పొద్దున వంటవాడు పరుగెత్తుకొచ్చి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఏదో తిరిగిందన్నాడు. వెళ్ళి చూశాను. ట్యాంకు కింద కారిన నీళ్ళకి ఇసుక మెత్తబడి ఉంది. అందులో ఒక పాదం. మనిషి పాదంలాగే ఉంది, వేళ్ళు కూడా ఉన్నాయి, కానీ నా బూటు అందులో పెడితే చుట్టూ ఇంకా చోటు మిగిలింది. కాస్త దూరంలో అలాంటిదే ఇంకొకటి. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య దూరం మామూలు మనిషి వేసేది కాదు. పక్కన అక్కడక్కడ కర్రతో పొడిచినట్టు గుంటలు.

మధ్యాహ్నానికి క్యాంప్ క్యాంపంతా అదే మాట. పఠాన్లు దేవ్ అన్నారు, వాళ్ళ భాషలో రాక్షసుడని. తోటల్లో పనిచేసే అరబ్బు ముసలాయన ఒకాయన జిన్ను అని, ఆ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. లస్మయ్య గ్యాంగ్ వాళ్ళు పేరేమీ పెట్టలేదు. అడవిలో ఏందో ఉన్నదని మాత్రం అందరికంటే ఎక్కువగా చెప్పారు.

పార్కర్ ఆనందం చెప్పలేను. అమెరికా అడవుల్లో బిగ్‌ఫుట్ అని ఒకటుంటుందట, హిమాలయాల్లో యతి ఉంటుందట, అలాంటి పెద్దపాదం జీవి ఎడారిలో ఉందని ఇంతవరకు లోకానికి తెలీదట. నన్ను పిలిచి, మిగతా డ్యూటీలు పక్కనపెట్టి దాని జాడ వెతకమన్నాడు. నాకు ఆ ఆనందం మీదే మొదటి అనుమానం కలిగింది. ఒక విషయం నిజం కావాలని బాస్ అంత గట్టిగా కోరుకుంటున్నప్పుడు, కింద పనిచేసేవాడి కంటికి కూడా అది నిజంలాగే కనపడుతుంది. ఉద్యోగాల్లో సగం తప్పులు ఇలాగే పుడతాయి.

వెతుకులాట

పొద్దున్నే జీపులో రౌదా చుట్టూ తిరిగేవాళ్ళం. అడుగులు క్యాంప్ నుంచి కొంత దూరం స్పష్టంగా ఉండి, రాళ్ళ నేల రాగానే మాయమయ్యేవి. ముళ్ళకొమ్మల మీద చిక్కుకున్న వెంట్రుకలు చూసి పార్కర్ కేక పెట్టినంత పనిచేశాడు. ఒంటె వెంట్రుకలని చెప్పాను. చెప్పాక కూడా వాటిని సీసాలో దాచుకున్నాడు. విరిగిన కొమ్మ దొరికితే అంత ఎత్తున కొమ్మ విరిచేది ఏదై ఉంటుందని అడిగేవాడు. అదీ ఒంటె పనే.

నాకు తోచిన పరీక్ష ఒకటి చేశాను. పొద్దున పొడి ఇసుకలో నేను చెప్పుల్లేకుండా నడిచి, మధ్యాహ్నం వెళ్ళి చూశాను. అంచులు జారి, గాలికి విచ్చుకుని, నా పాదమే రాక్షసుడి పాదమంత కనపడింది. పార్కర్‌కి చూపించాను. ఆయన కాసేపు చూసి, ట్యాంకు దగ్గర తడి ఇసుకలో తెల్లారేసరికే అంత పెద్దవి ఎలా పడ్డాయని అడిగాడు. 

అప్పుడే ఇంకో సంగతి గమనించాను. భయపడ్డ మనిషి ఏం చేస్తాడో ఈ ఉద్యోగంలో తెలుసుకుని ఉండాలి. వంటవాడు వంటింటి తలుపుకి రెండో గడియ పెట్టించుకున్నాడు. పఠాన్లు ఉక్కకి చచ్చిపోతూ లారీ క్యాబిన్లలో అద్దాలెత్తుకుని పడుకుంటున్నారు. భయమని అందరికంటే ఎక్కువ చెప్పే లస్మయ్య మనుషులు మాత్రం ఎప్పటిలాగే ఆరుబయట, రౌదా వైపు తలపెట్టి పడుకుంటున్నారు. ఒకరి తర్వాత ఒకరు కట్టెలకని అటే వెళ్తున్నారు. క్యాంప్‌లో వంటంతా గ్యాస్ మీద.

రౌదా లోపల ఒక చెట్టు మొదట్లో తెల్లటి మరక కనపడింది. వేలితో తీసి చూస్తే ఎండిన గంజి. బిగ్‌ఫుట్ గంజి తాగదు.

దొంగతనమే అనుకున్నాను. సైటులో ఇత్తడి వాల్వులు తగ్గుతున్నాయని స్టోర్సు వాళ్ళు అప్పటికే సణుగుతున్నారు. లస్మయ్య గ్యాంగ్ వాటిని ఆ చెట్లల్లో దాస్తోందనీ, ఎవరూ అటు రాకుండా ఈ పాదాల కథ అల్లిందనీ మనసులో ఖాయం చేసుకున్నాను. రెండు రోజులు చెట్టు చెట్టుకీ వెతికినా ఒక్క వాల్వు దొరకలేదు. దొరక్కపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఈ గొడవంతా ముగిశాక ఆ వాల్వులు స్టోర్సులోనే వేరే పెట్టెలో బయటపడ్డాయి.

అన్నీ ఎడమవే

గురువారం మధ్యాహ్నం పార్కర్ పిలిచాడు. క్లినిక్ నుంచి విరిగిన ఎముకలకి కట్టే పిండి తెప్పించి, తడి ఇసుకలోని అడుగుల్లో పోసి అచ్చులు తీశాడు. వాటిని బల్ల మీద వరసగా పెట్టి చూపించాడు. మర్నాడు పొద్దున దోహా నుంచి స్నేహితులు వస్తున్నారనీ, రైఫిళ్ళు, వేటకుక్కలు తెస్తున్నారనీ, రౌదాని నాలుగు వైపులా చుట్టుముడతామనీ చెప్పాడు. ప్రాణాలతో దొరక్కపోతే కాల్చడానికి కూడా సిద్ధమేనన్నాడు.

నేను అచ్చుల వైపు చూస్తున్నాను. ఇసుకలో చూసినప్పుడు కనపడనిది బల్ల మీద కనపడింది. అన్నీ ఎడమ పాదాలే.

కుడివి ఏవని అడిగాను. కూలీలు తొక్కేసి ఉంటారు, పెద్దపాదాల మధ్య అన్నీ మామూలు మనిషి అడుగులే కదా అన్నాడు. అవును, మామూలు మనిషి అడుగులే. ఒక పెద్దది, ఒక మామూలుది, మళ్ళీ పెద్దది. అందరం పెద్దదాన్నే చూస్తూ దాని జతని వదిలేశాం. ఆ అంగ అంత పొడుగ్గా అనిపించింది కూడా అందుకే.

ఒక అచ్చు చేతిలోకి తీసుకున్నాను. పాదం అంత పెద్దదైనా వేళ్ళు చిన్నవే. ఉబ్బిన కండలోకి కూరుకుపోయి, గోళ్ళ చోట చిన్న చిన్న నొక్కులు మాత్రం ఉన్నాయి. మడమ పైన ఒక మడత. ఆ పాదం నాకు తెలుసు. మా మేనత్తది అలాంటిదే. పిఠాపురంలో మా చిన్నప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురికి ఉండేది. ఆవిడ అరుగు మీద కూర్చుని కాలు చాపితే చెంబుతో నీళ్ళు పోసి, మడతల్లో గుడ్డతో తుడవడం మా పిల్లల వంతు. బోదకాలు.

పార్కర్ ఏమిటి విషయమని అడిగాడు. సాయంత్రంలోగా చెప్తానని అచ్చు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాను.

లస్మయ్య

కందకం దగ్గర అన్నాల వేళ. లస్మయ్య పైపు నీడలో కూర్చుని తింటున్నాడు. పక్కన కూర్చుని, ఆ బోదకాలు ఎవరిదని అడిగాను. అతను ముద్ద మింగి, ఏ కాలు సారూ అన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. నన్ను ఎంతగా అనుమానిస్తున్నాడో నాకు బాగా తెలిసింది, ఎందుకంటే అలాంటి మొహం నేనూ పెట్టగలను.

"రేపు పొద్దున తుపాకులతో వస్తున్నారు లస్మయ్యా. మనిషని తెలీక కాలుస్తారు," అన్నాను.

అతను తినడం ఆపి చెయ్యి కడుక్కున్నాడు.

"మా ఊరోడే సారు. గంగారాం. ఉమ్ సలాల్ల తోటపనికి ఉండె. కాలు ఉబ్బింది. దవాఖానకు తోల్కపోతె కాలు కోస్తరని ఎవడో చెప్పిండు. గంతే, ఉరికొచ్చిండు."

అన్నం వీళ్ళే తీసుకెళ్ళి పెడుతున్నారు. జ్వరం వచ్చినప్పుడు దాహానికి ఆగలేక, తెల్లారే వేళకి కర్ర పట్టుకుని ట్యాంకు దాకా తనే వచ్చేస్తున్నాడట. నాకెందుకు చెప్పలేదని అడిగాను. వాడు దొరికితే డాక్టర్లు తమ అందరి కాళ్ళూ చూస్తారనీ, ఆ ఊళ్ళవాళ్ళందరికీ రోగమేనని మూకుమ్మడిగా ఇంటికి పంపేస్తారనీ అతని భయం. ఆ భయం తప్పని చెప్పలేకపోయాను. అలా పంపేసిన కంపెనీలు ఉన్నాయి.

మరి ఈ దయ్యం కథ ఎందుకు పుట్టించారన్నాను.

"మేం పుట్టియ్యలేదు సారు. పుట్టినదాన్ని సాదినం," అన్నాడు లస్మయ్య.

గంగారాం

ఎండ కాస్త తగ్గాక ఇద్దరం జీపులో రౌదాకి వెళ్ళాం. నేను రెండు రోజులు వెతికిన చోటికి పక్కనే, ముళ్ళకొమ్మలు కిందిదాకా వాలిన చెట్టు ఒకటి ఉంది. వాటి వెనక మట్టిరంగు తార్పాలిన్ కట్టి ఉంది. ఒంటెలు మేసిన దారి తప్ప ఏమీ కనపడదు. లస్మయ్య పేరు పెట్టి పిలిచాడు.

గంగారాం నన్ను చూడగానే లేవబోయాడు. లేవలేకపోయాడు. ముప్పై దాటని మనిషి. కుడికాలు పుల్లలా ఉంది. ఎడమకాలు మోకాలి కింద నుంచి స్తంభంలా ఉబ్బి, ఎర్రగా మెరుస్తోంది. నేను కూర్చుని ఆ కాలి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. అతను నా చెయ్యి వైపు చూశాడు, తర్వాత నా మొహం వైపు. ఆ కాలు ముట్టుకున్నవాడు ఈ మధ్య ఎవరూ లేరనుకుంటాను.

"కోస్తరా సారు?" అన్నాడు.

"కొయ్యరు. మా మేనత్తకి ఇంతకంటే పెద్దది. ముసలిదై, ఆ కాలితోనే పోయింది."

"మీ మేనత్త దుబాయ్‌ల లేకుండె గద సారు."

వాళ్ళకి ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. లస్మయ్య ఇంకో వైపుకి తిరిగి నిలబడ్డాడు.

ఇక్కడ కొత్తగా చేరేవాళ్ళకి ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. అతన్ని ఇంకోచోట దాచమని లస్మయ్య కళ్ళతోనే అడిగాడు. దాచి ఉండొచ్చు. కానీ ఆ జ్వరం చెట్టు కింద తగ్గేది కాదు. వేట ఒక శుక్రవారంతో ఆగేదీ కాదు. పార్కర్‌లాంటి మనిషి దొరికేదాకా వెతుకుతాడు. దొరకనిదాన్ని వెతికేవాడి చేతిలో తుపాకీ ఉండగా, వెతికేదేమిటో నాకు తెలిసి ఊరుకోలేను. గంగారాంని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. చివరికి అతను ఒప్పుకున్నది నా మాటలకి కాదేమో. నొప్పికి ఒప్పుకుని ఉంటాడు.

వెనక దారిలో కాకుండా, అందరూ చూస్తుండగా ముందు గేటు నుంచి, జీపులో నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. పఠాన్లు లారీలు దిగి నిలబడ్డారు. వంటవాడు ఆ కాలు చూసి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

పార్కర్ నమ్మలేదు. వాల్వుల దొంగల్ని కాపాడడానికి నేనొక రోగిని పట్టుకొచ్చానని అనుమానించాడు. ఆఫీసు ముందు ఇసుక తడిపించి, గంగారాం చేత ఎడమకాలు అందులో పెట్టించాడు. లోపలి నుంచి అచ్చు తెచ్చి పక్కన పెట్టి చూశాడు. అంతమంది ముందు ఒక మనిషి తన కాలుని అలా సాక్ష్యంగా ఇవ్వాల్సి రావడం నేను చూసిన అవమానాల్లో పెద్దది. నేనూ ఆపలేదు, ఎందుకంటే అది కాకుండా పార్కర్ దేన్నీ నమ్మేవాడు కాదు. లస్మయ్య వచ్చి తన తలపాగా విప్పి ఆ కాలి ఇసుక తుడిచాడు.

పార్కర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎప్పటి నుంచి తెలుసని నన్నడిగాడు. ఇవాళ మధ్యాహ్నం నుంచని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు. తర్వాత వైర్‌లెస్‌లో దోహాకి వేట రద్దని చెప్పాడు. జంతువు ఉత్తరానికి వెళ్ళిపోయిందన్నాడు. మనిషని చెప్పలేదు. అది గంగారాం పరువు కోసమా, తన పరువు కోసమా అన్నది అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ తెలీదు.

తర్వాత

దోహా ఆసుపత్రిలో డాక్టరు కాలు కొయ్యలేదు. బోదజ్వరమని మాత్రలిచ్చాడు. రోజూ సబ్బుతో కడిగి, మడతలు ఆరనిచ్చి, ఎత్తు మీద పెట్టుకుని పడుకోమన్నాడు. వారం తిరిగేసరికి ఎరుపు తగ్గింది. కానీ తోట యజమాని పనివాడు పారిపోయాడని ముందే ఫిర్యాదు ఇచ్చి ఉన్నాడు. నా రిపోర్టు కూడా పోలీసులకి వెళ్ళాల్సిందే, వెళ్ళింది. వైద్యం పూర్తయ్యేదాకా అతన్ని ముట్టుకోవద్దని పార్కర్ స్వయంగా వెళ్ళి పోలీసులతో వాదించాడు. ఆ ఒక్క పనికి ఆయన మీద నాకు గౌరవం మిగిలింది. వైద్యం అయ్యాక గంగారాంని ఇంటికి పంపేయడం ఖాయమైంది.

క్యాంప్‌లో తెలంగాణవాళ్ళ కాళ్ళన్నీ డాక్టరు చూశాడు. ఎవరికీ ఏమీ లేదని తేలింది, ఎవర్నీ పంపలేదు. అయినా ఆ తర్వాత లస్మయ్య గ్యాంగ్ నాతో పనికి మించి మాట్లాడలేదు. నేను దగ్గరికి వస్తే వాళ్ళ మాటలు ఆగిపోయేవి. పార్కర్ కూడా నాతో మునుపటిలా లేడు. ఆయన కలని పాడుచేసింది నేనే. రెండు వైపులా నమ్మకం పోగొట్టుకోవడం ఈ ఉద్యోగంలో మామూలే. అది తట్టుకోలేనివాడు పట్టణంలో షాపులో చేరడం మంచిది.

గంగారాంని విమానాశ్రయానికి తీసుకెళ్ళే పని నేనే అడిగి తీసుకున్నాను. వెనక సీట్లో ఒక పోలీసు కూర్చున్నాడు. గంగారాం నా పక్కన, కాలు చాపుకుని. దారంతా కొత్తగా లేస్తున్న భవనాల్ని చూస్తూ ఉన్నాడు. వాటిల్లో ఏ ఒక్కదానిలోకీ అతను అడుగుపెట్టలేదు.

దిగాక, పోలీసు కాగితాలు చూపిస్తుండగా, నా వైపు తిరిగాడు.

"సారు, ఒక్క మాట అడుగుత. మీరు నన్ను పట్టిచ్చిండ్రా, బతికిచ్చిండ్రా?"

ఏదైనా మంచి మాట చెప్పి పంపొచ్చు. అతని మొహం చూశాక అబద్ధం చెప్పాలనిపించలేదు.

"రెండూ చేశాను గంగారాం," అన్నాను.

అతను తలూపాడు.

"గట్లయితే సగం దండమే పెడ్త సారు."

కుడిచెయ్యి ఒక్కటే ఎత్తి, ఛాతీ దాకా తెచ్చి, ఆపాడు. రెండోది కర్ర మీద ఉంది. కర్ర వదిలితే పడిపోతాడని ఎత్తలేదో, అన్నమాట ప్రకారమే ఎత్తలేదో నాకు తెలీదు. నేను రెండు చేతులూ జోడించాను. అప్పటికి పోలీసు పిలిచాడు. గంగారాం వెనక్కి తిరిగి, ఒక అడుగు, కర్ర, ఒక అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.